దొంగ ఒక్కడే, ఇంగ్లిష్‌లో పేర్లు పాతిక: ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడం ఎలా?

పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేరిన కొత్తలో ఒక రాత్రి ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీ ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. పెళ్లికని ఊరెళ్లిన ఒక కుటుంబం ఇంట్లో బర్గ్లర్లు పడి నగలు పట్టుకుపోయారన్నది వార్త. ఎడిషన్ టైమ్ దగ్గర పడుతోంది. డిక్షనరీ తీసే ఓపిక లేక 'బందిపోట్ల బీభత్సం' అని హెడ్డింగ్ కొట్టేశాను. డెస్క్ ఇన్‌చార్జి గారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఇంట్లో మనుషులే లేరు కదయ్యా, బీభత్సం ఎవరికి చూపించారు? బీరువాకా?" అన్నారు. డెస్కంతా నవ్వింది. ఆ రాత్రి నుంచి ఈ మాటల వెంట పడ్డాను.

తెలుగులో 'దొంగ' అన్న మాట చేత మనం చాలా చాకిరీ చేయిస్తాం. జేబు కొట్టినవాడూ దొంగే, గోడకు కన్నం వేసినవాడూ దొంగే, సొసైటీ డబ్బు తిన్న సెక్రటరీ కూడా దొంగే. అక్కడితో ఆగం. దొంగ నోటు, దొంగ సంతకం, దొంగ ఓటు, చివరికి దొంగ నిద్ర. ఇంగ్లిష్‌లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. అలాగని మనకు తేడాలు తెలియవని కాదు. మనం ఆ తేడాను క్రియలో చూపిస్తాం: కొట్టేశాడు, లాక్కుపోయాడు, దోచుకున్నాడు, కన్నం వేశాడు, నొక్కేశాడు, టోపీ పెట్టాడు. ఈ ఆరూ వింటే చాలు, ఏం జరిగిందో బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు ఆ పని మనిషి పేరులోనే పెట్టేస్తారు.

కాబట్టి గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్నా, అనువాదం చేస్తున్నా, అమెరికాలో కూర్చుని పోలీస్ రిపోర్ట్ రాస్తున్నా పద్ధతి ఒకటే. 'దొంగ'కు ఇంగ్లిష్ మాట వెతక్కండి. జరిగిందాన్ని ముందు తెలుగులో ఒక వాక్యంగా అనుకుని, అందులో క్రియ ఏం పడిందో చూడండి. తర్వాత కింద చెప్పిన ప్రశ్నలు వరసగా వేసుకోండి.

1. వస్తువు పోయినప్పుడు ఎదురుగా మనిషి ఉన్నాడా?

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. సగం గందరగోళం ఇక్కడే తేలిపోతుంది.

తెలియకుండా ఎత్తుకుపోతే థీఫ్. కొట్టి, కట్టేసి, లేదా కత్తి చూపించి పట్టుకుపోతే రాబర్. మొదటిది థెఫ్ట్, రెండోది రాబరీ. బెదిరింపు గానీ దెబ్బ గానీ లేకుండా రాబరీ లేదు. మన చట్టంలోనూ అంతే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, రాబరీ 309. మామూలు దొంగతనానికి మొదటిసారైతే గరిష్ఠంగా మూడేళ్లు, రాబరీకి పదేళ్లు. అదే రాబరీ హైవే మీద, పొద్దు గుంకాక తెల్లవారేలోపు జరిగితే పద్నాలుగేళ్ల దాకా వేయొచ్చు. మన పెద్దలు 'దారిదోపిడీ' అని విడిగా ఒక మాట ఎందుకు పెట్టుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది.

ఒక మెలిక ఉంది. చప్పుడు చేయకుండా వచ్చినవాడు థీఫే. కానీ మీరు నిద్రలేచి పట్టుకోబోతే, చేతిలో ఉన్న సొమ్ముతో బయటపడటానికి మిమ్మల్ని కొట్టాడనుకోండి, ఆ క్షణం నుంచి వాడు రాబర్. వచ్చేటప్పుడు ఒకడు, వెళ్లేటప్పుడు ఇంకొకడు.

థీఫ్ కుటుంబం పెద్దది. జేబు కొట్టేవాడు పిక్‌పాకెట్. మనం 'పిక్‌పాకెట్ జరిగింది' అని పనికి వాడతాం గానీ ఇంగ్లిష్‌లో అది మనిషి పేరు. చివర ఇంకో 'అర్' తగిలించి పిక్‌పాకెటర్ అనకండి. కొనడానికి వచ్చినట్టు వచ్చి షాపులో సరుకు చీర మడతలోనో సంచిలోనో దాచుకుపోతే షాప్‌లిఫ్టర్. వీధిలో మనిషిని అటకాయించి కొట్టో బెదిరించో పర్సు లాక్కుంటే మగ్గర్, ఇతను రాబర్ల వైపు మనిషి. (మన నదుల్లో ఉండే మొసలిని కూడా ఇంగ్లిష్‌లో మగ్గర్ అంటారు. అది హిందీ 'మగర్' నుంచి వచ్చింది, ఈ మగ్గర్‌కు చుట్టం కాదు.)

మరి మన చైన్ స్నాచర్ ఎటువైపు? బైక్ మీద వచ్చి మెడలో గొలుసు తెంచుకుపోయేవాడు బెదిరించడు, అలాగని తెలియకుండానూ తీయడు. ఐపీసీ కాలంలో ఇతన్ని ఒకచోట థెఫ్ట్ కింద, ఇంకోచోట రాబరీ కింద పెట్టేవారు. కొత్త సంహితలో 304వ సెక్షన్‌గా స్నాచింగ్‌కు సొంత చోటు దొరికింది. మన వీధుల్లో ఎప్పటినుంచో ఉన్న మాట చట్టంలోకి ఎక్కిందన్నమాట.

ఇక్కడే ఒక వ్యాకరణం ముక్క. 'హీ రాబ్డ్ మై ఫోన్' అని మనవాళ్లు తరచూ రాస్తారు. తప్పు. తెలుగులో 'బ్యాంకును దోచుకున్నారు', 'డబ్బు దోచుకున్నారు' రెండూ చెల్లుతాయి కాబట్టి మనకు అది తప్పుగా వినిపించదు. ఇంగ్లిష్‌లో స్టీల్ తర్వాత పోయిన వస్తువు రావాలి, రాబ్ తర్వాత పోగొట్టుకున్న మనిషో చోటో రావాలి. స్టోల్ మై ఫోన్, రాబ్డ్ మీ, రాబ్డ్ ద బ్యాంక్. బర్గిల్ తర్వాత ఇల్లో కొట్టో వస్తుంది. అమెరికాలో దాన్నే బర్గ్లరైజ్ అంటారు.

2. లోపలికి ఎలా వచ్చాడు?

బర్గ్లర్ దగ్గర చూడాల్సింది వస్తువును కాదు, గడపను. హక్కు లేని చోటికి, నేరం చేసే ఉద్దేశంతో జొరబడినవాడు బర్గ్లర్. పాత ఇంగ్లిష్ చట్టంలో అయితే అది రాత్రి జరగాలి, మనుషులు నివసించే ఇల్లయి ఉండాలి, తలుపో కిటికీయో ఛేదించి రావాలి. 1968లో వచ్చిన థెఫ్ట్ యాక్ట్ తర్వాత ఇంగ్లండ్‌లో రాత్రి అన్న షరతు లేదు. దొంగిలించాలని జొరబడితే చాలు, ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగి వెళ్లినా బర్గ్లరే. థీఫ్‌కు ఈ సౌకర్యం లేదు, ఏదో ఒకటి కదిపితేనే వాడు థీఫ్.

దీనికి మన మాట కన్నం వేయడం. మట్టిగోడల కాలంలో నిజంగానే గోడకు కన్నం పెట్టి దూరేవారు. ఇప్పుడు గోడలు కాంక్రీటువి అయినా మాట మిగిలింది. తమాషా ఏమిటంటే మన ఐపీసీలో గానీ కొత్త సంహితలో గానీ బర్గ్లరీ అన్న పేరుతో నేరమే లేదు. హౌస్ ట్రెస్‌పాస్, హౌస్ బ్రేకింగ్ అని ఉంటాయి. అందుకే మన పోలీసుల నోట 'హెచ్‌బీ బై నైట్', 'హెచ్‌బీ బై డే' అని వినిపిస్తుంది. పేపర్ భాషలో బర్గ్లరీ, స్టేషన్ భాషలో హెచ్‌బీ. సంక్రాంతికి జనం ఊళ్లకు కదిలినప్పుడు హైదరాబాద్‌లో పోలీసులు తాళం వేసిన ఇళ్ల గురించి హెచ్చరించేదీ, ఆంధ్రప్రదేశ్‌లో లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అని పెట్టిందీ ఈ బర్గ్లర్ల కోసమే. రాబర్ల కోసం కాదు. రాబర్‌కు మనిషి ఇంట్లో ఉండాలి, బర్గ్లర్‌కు లేకపోతేనే హాయి.

ఈ తేడా ఉత్త పాండిత్యం కాదు, డబ్బుతో పని. మీ షాపుకో గోడౌనుకో బర్గ్లరీ పాలసీ ఉందా? అయితే దాన్ని తీసి షరతులు చదవండి. బలవంతంగా లోపలికి వచ్చి ఉండాలని వాటిలో రాసి ఉంటుంది. 2004లో ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు, పాలసీలో అలా రాసి ఉన్నప్పుడు బలప్రయోగం లేకుండా జరిగిన దొంగతనానికి పరిహారం రాదని తేల్చేసింది. అంటే తాళం పగిలి ఉంటే ఒక లెక్క, తలుపు తీసి ఉన్నప్పుడు సరుకు పోతే ఇంకో లెక్క. సామాన్యుడికి పోయింది పోయినట్టే, కాగితానికి మాత్రం కాదు. ఈ తీర్పు న్యాయంగా లేదని నాకనిపిస్తుంది గానీ, క్లెయిమ్ రాసేటప్పుడు నా అభిప్రాయం మీకు పనికిరాదు. ఏ మాట రాస్తున్నారో చూసుకుని రాయండి.

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లకు ఇంకో సంగతి. అక్కడ తాళం వేసిన కారులోకి జొరబడి సామాను ఎత్తుకుపోయినా బర్గ్లరీయే, ఆటో బర్గ్లరీ అంటారు. కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ బ్యాగ్ తీసుకెళితే 'ఐ వాజ్ రాబ్డ్' అని ఫోన్ చేయకండి. ఎవరో మీ మీదికి తుపాకీతో వచ్చారనుకుని పోలీసులు కంగారు పడతారు.

3. ఎంతమందో లెక్కపెట్టండి

ఈ మెట్టు మన ఉపఖండానికే. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి రాబరీ చేస్తే అది డెకాయిటీ. నలుగురైతే కాదు. సంహితలో 310వ సెక్షన్, పాత ఐపీసీలో 391. పక్కన నిలబడి కాపలా కాసినవాడు, సాయం చేసినవాడు కూడా లెక్కలోకి వస్తారు. శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. డెకాయిట్ అన్నది హిందీ 'డకైత్' నుంచి కంపెనీ కాలంలో ఇంగ్లిష్‌లోకి ఎక్కిన మాట. తెలుగులో బందిపోటు.

బ్రిటన్, అమెరికాల్లో ఈ మాట చెల్లదు. లండన్‌లోనో డల్లాస్‌లోనో ఆరుగురు నగల షాపు దోచుకుంటే వాళ్లు ఆర్మ్డ్ రాబర్స్, లేదా గ్యాంగ్. 1963 ఆగస్టు 8న గ్లాస్గో నుంచి లండన్ వెళ్తున్న మెయిల్ రైలును ఒక ముఠా ఆపి, డ్రైవర్ తల మీద కొట్టి, 26 లక్షల పౌండ్లు పట్టుకుపోయింది. అయిదుగురికి మించే ఉన్నారు. మన దేశంలో జరిగి ఉంటే డెకాయిటీ, అక్కడ మాత్రం చరిత్రలో 'గ్రేట్ ట్రెయిన్ రాబరీ'గా నిలిచింది.

దీనికి పక్కన ఇంకో లండన్ కేసు పెట్టి చూడండి. 2015 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవుల్లో హాటన్ గార్డెన్‌లో ఒక సేఫ్ డిపాజిట్ సంస్థ కాంక్రీటు గోడను డ్రిల్లుతో తొలిచి లాకర్లు ఖాళీ చేశారు. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. సొమ్ము కోట్లలో పోయింది, కానీ ఎవరినీ బెదిరించలేదు. కాబట్టి కోర్టులో అది బర్గ్లరీ. అచ్చంగా మన కన్నం దొంగతనమే. పేపర్లు 'హైస్ట్' అన్నాయి. హైస్ట్ చట్టం మాట కాదు, పకడ్బందీగా ప్లాన్ చేసి పెద్ద సొమ్ము కొట్టేస్తే అనే మాట. హెడ్డింగులకు బాగుంటుంది, ఎఫ్ఐఆర్‌కు పనికిరాదు.

మాట పెట్టేవాడు ఎవరన్నది కూడా చూడాలి. 1925 ఆగస్టు 9న లక్నో దగ్గర కాకోరీలో రాంప్రసాద్ బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్ బృందం రైల్లో వెళ్తున్న సర్కారు ఖజానా సొమ్ము స్వాధీనం చేసుకుంది. బ్రిటిష్ వాళ్లకు అది డెకాయిటీ, కుట్ర. 2021లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దాన్ని 'కాకోరీ ట్రెయిన్ యాక్షన్' అనాలని పేరు మార్చింది. మన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్లడాన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు రాబరీ అనం, రెయిడ్ అంటాం. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లినవాణ్ని రాబర్ అంటే ఏం బాగుంటుంది.

4. మీరే ఇచ్చారా? ఎందుకు ఇచ్చారు?

ఇది అన్నిటికంటే చిక్కు మెట్టు. సొమ్ము మీ చేత్తో మీరే ఇచ్చినప్పుడు, ఇవ్వడానికి కారణం ఏమిటో చూడాలి.

భయపడి ఇస్తే ఎక్స్‌టార్షన్. రాబరీకీ దీనికీ తేడా పాత ఐపీసీలోని ఒక ఉదాహరణ చక్కగా చెబుతుంది. 'మీ బిడ్డ మా ముఠా చేతిలో ఉంది, పదివేలు పంపకపోతే చంపేస్తాం' అని కబురు పెట్టి డబ్బు గుంజితే ఎక్స్‌టార్షన్. అది రాబరీ కావాలంటే ఆ ప్రాణభయం అప్పటికప్పుడు కళ్లముందు ఉండాలి. ఫోన్లో బెదిరింపు, చెల్లించడానికి రేపటిదాకా గడువు, ఇవి ఎక్స్‌టార్షన్ లక్షణాలు. గుట్టు బయటపెడతానని బెదిరించేవాడు బ్లాక్‌మెయిలర్. ఈ మెయిల్‌కు పోస్టాఫీసుతో సంబంధం లేదు. పాతకాలంలో స్కాట్లండ్ సరిహద్దుల్లో దోపిడీ ముఠాలు మీ పొలం జోలికి రామంటూ రైతుల దగ్గర గుంజిన కప్పం అది.

నమ్మి ఇస్తే చీటింగ్. ఇక్కడ తెలుగుకు మాటల కరువు లేదు. టోపీ పెట్టాడు, శఠగోపం పెట్టాడు, బురిడీ కొట్టించాడు, పంగనామాలు పెట్టాడు. ఇంగ్లిష్‌లో స్విండ్లర్, ఫ్రాడ్‌స్టర్, స్కామర్, కాన్‌మ్యాన్. కాన్‌మ్యాన్‌లో 'కాన్' అంటే కాన్ఫిడెన్స్, నమ్మకం. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే అతను పెద్దమనిషి వేషంలో వీధిలో అపరిచితులతో మాట కలిపి, 'రేపటిదాకా మీ వాచీ నా దగ్గర ఉంచేంత నమ్మకం నా మీద మీకుందా?' అని అడిగేవాడు. మొహమాటానికి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. పేపర్లు అతనికి 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అని పేరు పెట్టాయి, అదే కురచయ్యి కాన్‌మ్యాన్ అయింది. కానీ ఎక్స్‌-కాన్ అంటే మాజీ మోసగాడు కాదు, జైలు నుంచి విడుదలైనవాడు. అక్కడ కాన్ అంటే కన్విక్ట్.

ఐపీసీ 420 పోయి 318 వచ్చినా, మనవాళ్ల నోట 'ఫోర్‌ట్వంటీగాడు' ఇప్పట్లో పోయేలా లేడు.

మీరు నమ్మి తన చేతిలో ముందే పెట్టిన సొమ్మును మింగితే ఎంబెజ్లర్. తెలుగులో నొక్కేశాడు, కాజేశాడు, మింగేశాడు. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నది ఇతని గురించే. థీఫ్ మీ బీరువా తెరుస్తాడు, ఎంబెజ్లర్‌కు మీరే తాళంచెవి ఇస్తారు. చట్టంలో దీన్ని క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ అంటారు. కోఆపరేటివ్ సొసైటీ డబ్బు తిన్న క్యాషియర్‌ను థీఫ్ అని రాస్తే తిట్టుగా సరిపోతుంది, ఇంగ్లిష్‌గా సరిపోదు.

దొంగ నోటు అచ్చు వేసేవాడు కౌంటర్‌ఫీటర్, దొంగ సంతకం పెట్టేవాడు ఫోర్జర్, వేరేవాడినని చెప్పుకుని వచ్చేవాడు ఇంపోస్టర్. వీటి దగ్గర పెద్దగా తికమక ఉండదు.

ఈమధ్య టెన్షన్ పెడుతున్న 'డిజిటల్ అరెస్ట్' ఈ మెట్టు మీద పెట్టి చూడండి. సీబీఐ నుంచి అని వీడియో కాల్ చేసి, కేసు పేరుతో గంటల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, డబ్బు ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటారు. భయం ఉంది కాబట్టి ఎక్స్‌టార్షన్. ఆ భయమే అబద్ధం మీద నిలబడింది కాబట్టి చీటింగ్. ఆఫీసర్ వేషం ఉంది కాబట్టి ఇంపోస్టర్. ఇంగ్లిష్ పత్రికలు మామూలుగా స్కామర్స్ అనో ఫ్రాడ్‌స్టర్స్ అనో సరిపెడతాయి. ఒకే మాట రాయాల్సి వస్తే నేనూ అదే రాస్తాను. మీకు అలాంటి కాల్ వస్తే మాత్రం మాట గురించి ఆలోచించకుండా కట్ చేసి 1930కి ఫోన్ చేయండి.

5. ప్రాణం తీసిన కేసులో

తెలుగు పేపర్లో అందరూ హంతకులే. ఇంగ్లిష్‌లో కిల్లర్ అన్నది విశాలమైన మాట, జబ్బుకు కూడా వాడతారు. మర్డరర్ అంటే కావాలని చంపినవాడు. హోమిసైడ్ అంటే మనిషి చేతిలో మనిషి పోవడం, అది నేరం కావాలని కూడా లేదు. ఆత్మరక్షణలో జరిగినా హోమిసైడే. హత్య దాకా రాని చావుకు బ్రిటన్, అమెరికాల్లో మ్యాన్‌స్లాటర్ అంటారు, మన చట్టంలో 'కల్పబుల్ హోమిసైడ్ నాట్ అమౌంటింగ్ టు మర్డర్' అని కొండవీటి చాంతాడంత పేరు. స్లాటర్ అనే పలకండి. లాఫ్టర్‌లా పలికితే కోర్టులో నవ్వుతారు.

అసాసిన్ అంటే రాజకీయంగానో మరోలానో ప్రముఖులైనవాళ్లను గురిపెట్టి చంపేవాడు. లింకన్ 1865లో, గాంధీజీ 1948లో, రాజీవ్ గాంధీ 1991లో శ్రీపెరంబుదూర్‌లో. ఈ మూడింటికీ ఇంగ్లిష్‌లో అసాసినేషన్ అని రాస్తారు. పొలం గట్టు తగాదాలో జరిగిన చావుకు ఆ మాట రాయకండి.

6. కేసు ఎక్కడిదాకా వచ్చింది?

'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అంటారు మనవాళ్లు. ఇంగ్లిష్ డెస్క్ అలా ఒప్పుకోదు, దొరికినా దొంగ అనడానికి వీల్లేదంటుంది. పోలీసులకు అనుమానం ఉంటే సస్పెక్ట్, అనుమానితుడు. కేసు పెడితే అక్యూజ్డ్, నిందితుడు. కోర్టు తేలిస్తే కన్విక్ట్, దోషి. విచారణ సాగుతుండగా జైల్లో ఉంటే అండర్‌ట్రయల్. థీఫ్, మర్డరర్ లాంటి మాటలు కోర్టు దోషి అని తేల్చాకే. ముందే రాస్తే పరువునష్టం నోటీసు మీ ఇంటికే వస్తుంది.

కల్ప్రిట్ అన్నదాన్ని జాగ్రత్తగా వాడండి. నేరం చేసింది వీడే అన్న తీర్పు అందులో ఉంది. అరెస్టయిన ప్రతివాడినీ కల్ప్రిట్ అనడం మన ఇంగ్లిష్ ప్రెస్‌నోట్లలో పెద్ద జబ్బు.

హాబిచువల్ అఫెండర్ అంటే పదేపదే నేరం చేసి శిక్షపడ్డవాడు. ఈ మాట వెనక మనకు చేదు చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి, కొన్ని కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులుగా ముద్ర వేశారు. చీరాల, బాపట్ల మధ్య ఉన్న స్టువర్టుపురం అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి కట్టడిలో పెట్టడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే వెనక్కి తగ్గే జనం మాత్రం ఆ తర్వాతా ఉన్నారు. ఇంతమంది మీద ఏ థెఫ్టూ రుజువు కాకుండానే ఒక మాట అతుక్కుపోయింది కదా. అందుకే నేను ఈ మెట్టు దగ్గర ఎక్కువ పట్టుదలగా ఉంటాను.

7. మన ఇంగ్లిష్, వాళ్ల ఇంగ్లిష్

రౌడీ: మనకు రౌడీషీట్ ఉన్నవాడు. బయట రౌడీ అంటే మ్యాచ్‌లో గోలచేసే అల్లరి కుర్రాడు. 'ఏ రౌడీ కిల్డ్ హిమ్' అంటే వాళ్లకు బొత్తిగా అర్థం కాదు. గ్యాంగ్‌స్టర్ అనండి, ఒంటరివాడైతే థగ్ అనండి.

థగ్: హిందీలో ఠగ్ అంటే మోసగాడు. 1830లలో స్లీమన్ అనే బ్రిటిష్ అధికారి వేటాడిన ఠగ్గులు బాటసారులతో స్నేహం చేసి రుమాలుతో గొంతు బిగించేవారు. ఇంగ్లిష్‌లో స్నేహం, రుమాలు రెండూ పోయి కండబలంతో కొట్టేవాడు మిగిలాడు. కాబట్టి హిందీ వార్తలో ఠగ్ అని ఉంటే ఇంగ్లిష్‌లో థగ్ అని దించేయకండి, అక్కడ ఫ్రాడ్‌స్టర్ కావాలి.

చీటర్: చీటీల పేరుతో ముంచినవాణ్ని మనం చీటర్ అంటాం. అమెరికాలో ఆ మాట వినగానే కాపురంలో నమ్మకద్రోహమో, పరీక్షలో కాపీయో గుర్తొస్తుంది. చీటీల వాడు స్విండ్లర్.

ఇక మీరు చేసి చూడండి

కిక్కిరిసిన సిటీ బస్సులో బ్లేడుతో బ్యాగ్ కోసి పర్సు తీశాడు. ఎదురుగా మనుషులు బోలెడుమంది, కానీ ఎవరికీ తెలియదు. పిక్‌పాకెట్.

పెట్రోల్ బంకులో ముగ్గురు కత్తి చూపించి క్యాష్ పట్టుకుపోయారు. రాబర్స్. బయట బైకుల మీద ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉన్నారని తర్వాత తేలింది. డెకాయిట్స్, అదీ మన దేశంలో.

కుదువపెట్టిన నగలు చూసుకోవాల్సిన ఉద్యోగి అసలువి తీసి రోల్డ్‌గోల్డ్ పెట్టాడు. మీరు బర్గ్లర్ అనుకుంటే మళ్లీ నాలుగో మెట్టు చదవండి.

రోడ్డు మీద ఉంగరం దొరికింది, జేబులో వేసుకున్నాడు. ఇది థెఫ్ట్ కాదు. ఎవరి స్వాధీనంలోనూ లేనిదాన్ని తీసుకోవడం దొంగతనం కిందికి రాదని ఐపీసీలోనే ఉదాహరణ ఉంది. యజమాని ఎవరో కనుక్కోగలిగి కూడా వాడేసుకుంటే క్రిమినల్ మిసప్రోప్రియేషన్ అవుతుంది. అదే ఐపీసీలో ఇంకోటుంది: జేబులో తిండి పెట్టుకుని పొరుగువాడి కుక్కను వెంట రప్పించుకున్నాడు. కుక్క వెంట నడవడం మొదలుపెట్టగానే థెఫ్ట్ పూర్తి.

చివరిగా వీరప్పన్. ఏనుగుల్ని దంతాల కోసం చంపాడు, అప్పుడు పోచర్. గంధపు చెక్కలు రాష్ట్రాలు దాటించాడు, స్మగ్లర్. పోలీసులను, అటవీ సిబ్బందిని చంపాడు, కిల్లర్. 2000 జూలై 30న కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయి 108 రోజులు అడవిలో ఉంచాడు, కిడ్నాపర్. ఇంగ్లిష్ పత్రికలు ఇవన్నీ ఒక్క గంపలో వేసి 'ఫారెస్ట్ బ్రిగాండ్', అంటే అడవి బందిపోటు, అని రాశాయి. మరెక్కడా పెద్దగా వినపడని ఆ పాత మాటను మన దేశంలో ఇతని కోసమే బతికించారేమో అనిపిస్తుంది. మన పేపర్లు మాత్రం 2004 అక్టోబర్‌లో అతను కాల్పుల్లో చనిపోయేదాకా 'గంధపు చెక్కల స్మగ్లర్' అన్నదాన్ని వదల్లేదు. మీరు అతని గురించి ఇంగ్లిష్‌లో ఒక పేరా రాసి చూడండి. ఏ వాక్యంలో ఏ పని గురించి చెబుతున్నారో ఆ వాక్యంలో ఆ పేరే పడాలి.